ఒక కంట వెన్న, ఒక కంట సున్నం

పక్షపాతం చూపించే పెద్దమనుషుల మాట వచ్చినప్పుడు మనవాళ్ళు "ఒక కంట వెన్న, ఒక కంట సున్నం" అని దెప్పుతూ ఉంటారు. అత్తగారు పెద్దకోడలికి గట్టి పెరుగూ, చిన్నకోడలికి నీళ్ళమజ్జిగా వడ్డిస్తే ఈ సామెతే. మేష్టారు తన వీధి పిల్లలకు మార్కులు ధారపోసి, పక్కవీధి పిల్లల దగ్గర పిసినారి అయితే ఈ సామెతే. దీన్ని పుట్టించిన మహానుభావుడు మనుషుల గుణాన్ని ఉద్దేశించి అన్నాడు గాని, కళ్ళను గురించి కాదు. కాని కొందరి విషయంలో ప్రకృతి నిజంగానే ఒక కంట వెన్నా, ఒక కంట సున్నమూ పెడుతుంది. చిత్రమేమిటంటే, పెట్టించుకున్నవాడికి ఆ సంగతి తెలియదు.

నమ్మకం లేకపోతే ఒక్క నిమిషం ఈ పత్రిక పక్కన పెట్టండి. మీకు కళ్ళజోడు ఉంటే అది పెట్టుకునే ఉండండి. కుడికన్నును అరచేత్తో, నొక్కకుండా, పూర్తిగా మూసి, ఎదురుగా గోడమీది కాలెండరులో తిథులూ వారాలూ చదవండి. తరువాత ఎడమకన్ను మూసి చదవండి. రెండూ ఒక్కలాగే కనిపించాయా? సంతోషం. కనిపించలేదా? అయితే ఈ వ్యాసం మీకోసమే. కనిపించినా, ఇంట్లో పదేళ్ళ లోపు పిల్లలుంటే, ఇది మీకోసం కూడా.

కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకునే తెలుగు లెక్చరరుకి కంటివైద్యంతో పనేమిటని మీరు అడగవచ్చు. నాకు రెండు కళ్ళున్నా, నలభైమూడేళ్ళుగా లోకాన్ని ఒక్క కన్నూ, ఇంకో కంటిలో పావువంతుతో చూస్తున్నాను. ఆ కథ ముందుముందు చెబుతాను. ముందు అసలు విషయం.

నంబరు అంటే ఏమిటి?

కళ్ళజోడు పెట్టుకునే ప్రతివారికీ తమ నంబరు తెలుసు. ఆ నంబరు దేన్ని కొలుస్తుందో తెలిసినవారు మాత్రం తక్కువ. బయటి వెలుతురు కంటిలోకి వచ్చేటప్పుడు ముందు కార్నియా అనే పారదర్శకమైన పొరమీదా, తరువాత లోపలి కటకంమీదా వంగి, వెనక ఉన్న రెటీనా అనే తెరమీద బొమ్మ కట్టాలి. బొమ్మ సరిగ్గా తెరమీద పడితే నంబరు లేదు. తెరకు ముందే పడితే హ్రస్వదృష్టి. దగ్గరివి కనిపిస్తాయి, దూరానివి మసక. దీనికి మైనస్ అద్దం. తెర వెనక్కి పోతే దీర్ఘదృష్టి. దీనికి ప్లస్ అద్దం. ఆ అద్దం బలాన్ని కొలిచే కొలతే డయాప్టరు. 1872లో ఫ్రెంచి వైద్యుడు మోనోయే ఈ కొలతను ప్రతిపాదించాడు. లెక్క సులువు. మైనస్ ఒకటి ఉన్నవాడికి మీటరు దూరం దాకా స్పష్టంగా కనిపిస్తుంది. మైనస్ రెండయితే అరమీటరు. మైనస్ నాలుగయితే పావుమీటరు, అంటే జానెడు పైచిలుకు.

పుట్టినప్పుడు మన కంటిగుడ్డు పొడవు పదహారు, పదిహేడు మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి ఇరవైనాలుగు దాకా వస్తుంది. ఈ పెరుగుదలలో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే చాలు, నంబరు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల దాకా మారిపోతుంది. ఒక్క మిల్లీమీటరంటే మన తపాలా కార్డులు నాలుగు దొంతిపెట్టినంత మందం కూడా ఉండదేమో! అలాంటిది, వేరు వేరు గుంటల్లో కూర్చున్న రెండు కళ్ళు ఒకదాన్ని ఒకటి చూసుకోకుండానే పదేళ్ళపాటు సరిసమానంగా పెరగడమే ఒక వింత. చాలామందిలో ఆ వింత జరుగుతుంది. కొందరిలో జరగదు. ఒక కన్ను ముందుకు పోతుంది, ఒకటి వెనకబడుతుంది. లేదా కార్నియా వంపు ఒక కంటిలో ఒక తీరుగా, రెండోదానిలో ఇంకో తీరుగా ఉంటుంది.

ఈ తేడాకు వైద్యులు పెట్టిన పేరు అనైసోమెట్రోపియా. పేరు చూసి బెదరనక్కరలేదు. పదాలు విడదీయడం నా వృత్తి కదా. గ్రీకులో 'అన్' అంటే కానిది, 'ఐసోస్' అంటే సమం, 'మెట్రాన్' అంటే కొలత, 'ఓప్స్' అంటే కన్ను. వెరసి, కొలత సమం కాని కళ్ళు. ఆ 'అన్' మన 'అనంతం', 'అనుచితం' అనే మాటల్లో ఉన్న 'అన్'కు అక్కచెల్లెలే. ఆ 'మెట్రాన్'కూ మన 'మాత్ర'కూ చుట్టరికం ఉంది. పావు, అర డయాప్టరు తేడా చాలామందిలో ఉంటుంది, దానితో చిక్కు లేదు. తేడా ఒక డయాప్టరుకు చేరితేనే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

రెండు ఎద్దులు, ఒకే పగ్గం

మన న్యాయశాస్త్రంలో కాకాక్షి న్యాయం అని ఒకటి ఉంది. కాకికి ఒకటే కనుగుడ్డు. అవసరాన్నిబట్టి దాన్ని ఇటొకసారి, అటొకసారి తిప్పుకుంటుందని పూర్వుల నమ్మకం. నిజమైన కాకికి రెండు కనుగుడ్లూ ఉన్నాయి. కాని నంబరు తేడా ఉన్న మనుషుల్లో కొందరు కాకాక్షి న్యాయంతోనే కాలక్షేపం చేస్తారు. ఒక కన్ను మామూలుది, రెండోది మైనస్ రెండు అనుకోండి. దూరానికి మొదటి కన్ను, పుస్తకానికి రెండో కన్ను. అటువంటివాడికి నలభై దాటి చత్వారం వచ్చినా తెలియదు. "నాకు యాభై అయిదు, ఇంకా జోడు లేదు, అంతా చిన్నప్పుడు తిన్న నెయ్యి మహిమ" అని పెళ్ళిళ్ళలో చెబుతూ ఉంటాడు. ఆ మహిమ నెయ్యిది కాదు, నంబరు తేడాది.

అమెరికాకు 1857 నుంచి 1861 దాకా అధ్యక్షుడుగా ఉన్న జేమ్స్ బుకానన్ ఇటువంటివాడే. ఒక కన్ను హ్రస్వదృష్టి, ఒకటి దీర్ఘదృష్టి. అంచేత ఎవరితో మాట్లాడినా మెడ ఒక పక్కకు వాల్చి చూసేవాడు. ఎదుటివాళ్ళు, తమ మాట ఎంతో శ్రద్ధగా వింటున్నాడని మురిసిపోయేవారట.

అందరికీ ఈ అదృష్టం పట్టదు. రెండు కళ్ళూ ప్లస్ నంబర్లే అయి, ఒకటి ప్లస్ ఒకటి, రెండోది ప్లస్ నాలుగు అయినప్పుడు వస్తుంది అసలు చిక్కు. చిన్నపిల్లల కంటిలోని కటకం మెత్తగా ఉంటుంది. ప్లస్ లోపాన్ని అది తనంతట తానే బిగుసుకుని సవరించుకోగలదు. కాని ఈ బిగింపు రెండు కళ్ళకూ కలిపి ఒకే ఆజ్ఞతో జరుగుతుంది. కాడికి కట్టిన రెండు ఎద్దులకు పగ్గం ఒకటే ఉన్నట్టు. మొదటి కంటికి ఒక్క డయాప్టరు బిగింపు చాలు. అది రాగానే అక్కడ బొమ్మ స్పష్టపడుతుంది, మెదడు తృప్తిపడుతుంది, పగ్గం లాగడం మానేస్తుంది. రెండో కంటికి ఇంకా మూడు డయాప్టర్లు కావాలి. దాన్ని అడిగేవారు లేరు. దూరం చూసినా, దగ్గర చూసినా దానికి మసకే. మైనస్ కంటికి కనీసం దగ్గరి వస్తువైనా దక్కుతుంది. ఈ కంటికి ఏ దూరంలోనూ స్పష్టమైన బొమ్మ దక్కదు. అందుకే ప్లస్ తేడా, అంకెల్లో తక్కువగా కనిపించినా, పిల్లలకు ఎక్కువ ప్రమాదకరం.

మెదడు చెప్పే తీర్పు

ఒక కంటినుంచి స్పష్టమైన బొమ్మ, ఒక కంటినుంచి మసక బొమ్మ వస్తూ ఉంటే మెదడు ఏం చేస్తుంది? మన ఇళ్ళల్లో ఎవరైనా ఏం చేస్తారో అదే. పనికొచ్చేవాడి మాట వింటుంది, పనికిరానివాణ్ణి పట్టించుకోదు. ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే, ఆ కంటినుంచి వచ్చే వార్తను చదివే యోగ్యతే మెదడుకు పోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన అద్దం పెట్టినా ఆ కన్ను పూర్తిగా చూడదు. దీన్ని ఇంగ్లీషువాళ్ళు లేజీ ఐ అన్నారు. వైద్యులు ఆంబ్లియోపియా అంటారు. మనం సోమరికన్ను అంటున్నాం. నాకు మాత్రం ఈ పేరు న్యాయంగా తోచదు. ఆ కన్ను సోమరి కాదు. దానికి పని ఇవ్వలేదు, అంతే.

ఇది ఊహ కాదని నిరూపించినవారు హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. 1960ల్లో వారు పిల్లికూనలకు పుట్టిన తొలివారాల్లో ఒక కంటిరెప్ప మూసి ఉంచి, కొన్నాళ్ళ తరువాత తెరిచారు. కన్ను లక్షణంగా ఉంది. కాని మెదడులో చూపుకు సంబంధించిన కణాలు ఆ కంటికి పలకడం మానేశాయి. పెద్దపిల్లికి అదే పని చేస్తే ఏ నష్టమూ లేదు. అంటే చూపు నేర్చుకునేందుకు ఒక ఈడు ఉంది. ఆ ఈడులో మూతపడ్డ తలుపు తరువాత తెరుచుకోవడం కష్టం. 1981లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది.

మందగించిన కంటికి మాత్రం చికిత్స వారికంటే చాలా పాతది. 1743లోనే ఫ్రాన్సులో బుఫాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, మెల్లకంటికి కారణం రెండు కళ్ళ బలం సమానంగా లేకపోవడమేనని వాదించి, మంచి కంటిని కొంతకాలం కప్పిపెట్టమని సలహా చెప్పాడు. బాగా చదివేవాణ్ణి బడి మాన్పించి, వెనకబడినవాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టడం వంటిది ఈ వైద్యం. దాదాపు మూడువందల ఏళ్ళ తరువాత కూడా దీని సూత్రం అదే.

మూసి చూసేదాకా తెలియదు

1825 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో ఎయిరీ అనే యువకుడు ఉండేవాడు. తరువాతి రోజుల్లో ఇంగ్లండుకు ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడయ్యాడు. చదివేటప్పుడు తన ఎడమకన్ను ఏ పనీ చేయడం లేదని ఆయన ఒకనాడు గమనించాడు. చుక్కల లెక్కలు కట్టే మనిషి కాబట్టి, తన కంటికీ లెక్క కట్టాడు. ఆ కంటి వంపు నిలువున ఒకలాగా, అడ్డంగా ఇంకోలాగా ఉందని తేల్చి, ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో కళ్ళజోళ్ళు చేసేవాడి చేత స్తంభాకారపు వంపున్న అద్దం చేయించుకున్నాడు. ఈనాడు మన చీటీల్లో 'సిలిండరు' అని రాసే నంబరుకు మూలం అదే.

ఎయిరీ తానే కనిపెట్టుకున్నాడు. నాకు ఇంకొకరు చెప్పవలసి వచ్చింది. మా ఊరి బడిలో నా చిన్నతనాన ఒకసారి కంటిపరీక్ష జరిగింది. పిల్లలందరం వరసగా నిలబడి గోడమీది అక్షరాలు పై నుంచి కిందిదాకా గడగడా అప్పజెప్పాం. ఎవరూ ఒక కన్ను మూయమనలేదు. అందరం పాసయ్యాం. క్రికెట్టులో బంతి నా చేతికి రెండంగుళాల ఇవతలో అవతలో పోతూ ఉండేది. చేతకానివాడని నన్ను బౌండరీ దగ్గర నిలబెట్టేవారు. చెంబులోకి నీళ్ళు వంచితే అంచుమీద పడేవి. "నిలకడ లేదు వీడికి" అనేది మా అమ్మ.

బి.ఏ. అయ్యాక ఇరవైరెండో ఏట రైల్వే ఉద్యోగానికి వైద్యపరీక్షకు వెళ్ళాను. రాతపరీక్ష గట్టెక్కింది. డాక్టరుగారు నా కుడికంటికి నల్లటి పలక అడ్డం పెట్టారు. గోడమీది అక్షరాలన్నీ ఒక్కసారిగా కరిగిపోయాయి. పైన ఉన్న ఒక్క పెద్ద అక్షరం మాత్రం, అదీ ఊహించి, చెప్పాను.

"ఈ కన్ను ఎప్పటినుంచీ ఇలా ఉందోయ్?" అన్నారాయన.

"ఇప్పటినుంచేనండీ" అన్నాను. నాకు తెలిసిన నిజం అదే.

ఆయన అద్దాలు మార్చి మార్చి చూశారు. ప్లస్ నాలుగు దగ్గర మరో రెండు వరసలు కదిలాయి. అంతకు మించి రాలేదు. "అయిదారేళ్ళప్పుడు చూడవలసింది. ఇప్పుడు అద్దం పెట్టినా మెదడు వినదు" అని చీటీ రాసి ఇచ్చారు. ఉద్యోగం పోయింది. ఆ తరువాతే ఎమ్మే తెలుగులో చేరాను. నన్నయనూ తిక్కననూ చదవడానికి ఒక కన్ను చాలు గనుక నేను నష్టపోయిందేమీ లేదని మిత్రులు హాస్యమాడతారు. కాని ఈ రోజుకీ చీకట్లో మెట్లు దిగాలంటే పాదంతో తడుముకుంటాను. 1838లో వీట్‌స్టన్ అనే ఆయన చూపించిన సంగతి ఇదే: రెండు కళ్ళూ కాస్త వేరు వేరు బొమ్మలు అందిస్తేనే లోతు తెలుస్తుంది. సూదిలో దారం, కొళాయి కింద గ్లాసు, ఎదురుగా వచ్చే స్కూటరు, అన్నిటికీ ఆ లోతే ఆధారం.

మా ఇంటి కట్టు

నా కథ తెలుసు గనుక, మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండగానే కంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్ళాం. పిల్ల చలాకీగా ఉంది. బొమ్మల పుస్తకం చూస్తోంది, చీమను కూడా చూపిస్తోంది. "దీనికేం లోపంరా!" అంది మా అమ్మ. కంటిలో చుక్కలు వేసి, పాప పెద్దది చేసి చూశారు. ఈ చుక్కలు తప్పనిసరి. ముందే చెప్పాను కదా, పిల్లల కటకం బిగుసుకుని ప్లస్ నంబరును దాచేస్తుంది. మందుతో ఆ బిగింపు సడలిస్తేనే నిజం బయటపడుతుంది. కుడికన్ను ప్లస్ ఒకటింపావు. ఎడమకన్ను ప్లస్ నాలుగున్నర. ఎడమకంటితో పిల్ల చదివింది 6/36. అంటే మామూలు కన్ను ముప్ఫైయారు మీటర్లనుంచి చూడగలిగినదాన్ని ఆ కన్ను ఆరు మీటర్లకు వస్తే తప్ప చూడలేదు.

"మాస్టారూ, ముందు అద్దాలు పెట్టి చూద్దాం. నాలుగు నెలలు ఆగండి" అన్నారు డాక్టరమ్మ. ఇది తొందరపాటు లేని మంచి పద్ధతి. అమెరికాలో 2006లో వెలువడిన పరిశోధన ప్రకారం, నంబరు తేడావల్ల సోమరికన్ను వచ్చిన చిన్నపిల్లల్లో దాదాపు నాలుగోవంతు మందికి కేవలం సరైన అద్దాలతోనే లోపం పూర్తిగా సర్దుకుంది. మా అమ్మాయికి 6/24 దాకా వచ్చి ఆగింది. అప్పుడు మొదలయింది కట్టు: రోజుకు రెండు గంటలు మంచి కంటికి అంటుకునే పట్టీ వేయడం. మధ్యరకం లోపానికి రెండు గంటల కట్టు ఆరు గంటల కట్టుతో సమానంగా పనిచేస్తుందని 2003లోనే తేలింది.

చెప్పడానికి రెండు గంటలు. మొదటివారం మా ఇల్లు కురుక్షేత్రమే. మంచి కన్ను మూస్తే పిల్లకు లోకం మసక, ఎవరు ఊరుకుంటారు? పట్టీ పీకి పారేసేది. మా అమ్మ బాధ ఇంకొకటి.

"ఆడపిల్లరా! కంటికి కట్టు కట్టి వీధిలో తిప్పితే నలుగురూ ఏమనుకుంటారు? పిల్లకేదో అయిందని ఊరంతా చెప్పుకోరూ? పెళ్ళీడు వచ్చేదాకా ఆ మాట పోతుందా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అంది: "అత్తయ్యగారూ, ఇప్పుడు రెండు గంటలు మూస్తే తరువాత రెండు కళ్ళూ తెరుచుకుంటాయి. ఇప్పుడు మూయకపోతే ఒకటి శాశ్వతంగా మూసినట్టే. మీ అబ్బాయి మెట్లు దిగడం మీరు చూడడం లేదూ?"

మా అమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం తనే ఒక పెద్ద పళ్ళెంలో బియ్యం పోసి, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఈ కంటితో మట్టిగడ్డలు ఏరవే తల్లీ, నాకు కనబడడం లేదు" అంది. కట్టు వేళకు బియ్యం ఏరడం, పూసలు గుచ్చడం, ముగ్గుచుక్కలు కలపడం, ఇవన్నీ ఆవిడ కనిపెట్టిన చదువులు. కట్టు ఉన్నంతసేపూ దగ్గరి పని చేయించమని చాలామంది వైద్యులు చెబుతారు. పట్టీ జోడు అద్దంమీద కాక చర్మంమీదే అంటించాలి. లేకపోతే పిల్లలు పక్కనుంచి తొంగి చూస్తారు. కట్టు బొత్తిగా పడనివారికి మంచి కంటిలో అట్రోపిన్ చుక్కలు వేసి దాన్ని కొంత మసకచేసే పద్ధతి కూడా ఉంది. దాన్ని వైద్యులే నిర్ణయించాలి.

ఏడాదిన్నర గడిచింది. ఇప్పుడు ఎడమకంటి చూపు 6/9. పూర్తిగా 6/6 కాలేదు. అవుతుందని డాక్టరమ్మ మాట ఇవ్వనూ లేదు. కట్టు మానేశాక కొందరి చూపు మళ్ళీ వెనక్కి జారుతుంది గనుక పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. కాని మొన్న పెరట్లో నేను విసిరిన బంతిని పిల్ల రెండు చేతులతో పట్టింది. నేను తిరుగు బంతి పట్టలేకపోయాననుకోండి.

ఈ వైద్యానికి ఈడు ముఖ్యం. ఏడేళ్ళలోపయితే ఫలితం బాగుంటుంది. అలాగని ఆ గడువు దాటితే ఆశ వదులుకోనక్కరలేదు. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసులో చికిత్స పొందిన పిల్లల్లో సగం మందికి పైగా చూపు కొంత మెరుగుపడింది.

పెద్దవాళ్ళ సంగతి

పెద్దవాళ్ళలో నంబరు తేడా వేరే చిక్కులు తెస్తుంది. ప్లస్ అద్దం బొమ్మను పెద్దది చేస్తుంది, మైనస్ అద్దం చిన్నది చేస్తుంది. రెండు అద్దాలూ బాగా వేరయితే రెండు కళ్ళకూ రెండు సైజుల బొమ్మలు అందుతాయి. మెదడు వాటిని కలపలేక తలనొప్పి, తిప్పడం, నేల ఒరిగినట్టు ఉండడం మొదలవుతాయి. పై అద్దంలోనుంచి కిందికి చూసి చదివేటప్పుడు ఒక బొమ్మ పైకీ ఒకటి కిందికీ జరుగుతుంది కూడా. "కొత్త జోడు పడలేదండీ" అని దుకాణానికి నాలుగుసార్లు తిరిగేవారిలో కొందరి బాధ ఇదే. వారికి కాంటాక్టు లెన్సు మేలు. అది కంటికే అంటి ఉంటుంది గనుక బొమ్మల సైజులో తేడా బాగా తగ్గుతుంది.

కొన్ని దుకాణాలవాళ్ళు, పడదేమోనన్న భయంతో, తేడా ఉన్న కంటి నంబరు తగ్గించి రెండూ దగ్గర దగ్గరగా వేసి పంపిస్తారు. పెద్దవాళ్ళకు అది కొన్నిసార్లు సర్దుబాటు. పిల్లల విషయంలో మాత్రం వైద్యుడు రాసిన నంబరు రాసినట్టే పడాలి. జోడు తెచ్చాక దాన్ని మళ్ళీ వైద్యుడికి చూపించడం మరవకండి. ఇక బజారులో తోపుడుబళ్ళమీద అమ్మే చత్వారం అద్దాల సంగతి: వాటిలో రెండు కళ్ళకూ ఒకే నంబరు ఉంటుంది. మీ కళ్ళు సమానమయితే సరే. కాకపోతే ఆ జోడు ఒక కంటికి చుట్టం, ఇంకో కంటికి పరాయిది.

శుక్లాల ఆపరేషను మాట కూడా చెప్పాలి. పూర్వం శుక్లం తీసి లోపల ఏమీ పెట్టేవారు కాదు. సోడాబుడ్డి అడుగులాంటి ప్లస్ పది అద్దం ఇచ్చేవారు. దానిలో బొమ్మ పాతిక, ముప్ఫై శాతం పెద్దదయ్యేది. ఒక కంటికే ఆపరేషను అయితే రెండు కళ్ళూ కలిసి పనిచేయడం అసాధ్యమయ్యేది. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ కంటిలోపలే కృత్రిమ కటకం పెట్టి ఆ బాధ తప్పించాడు. ఈనాడు కూడా, మొదటి నుంచీ పెద్ద మైనస్ నంబరున్న వారికి ఒక కన్ను సరిచేశాక రెండోది పాత నంబరుతోనే మిగిలితే, కొన్నాళ్ళు తేడా పీడిస్తుంది. రెండో కంటి సంగతి ఏమిటని ముందే అడిగి తెలుసుకోవాలి. కొందరికి వైద్యులు కావాలనే ఒక కన్ను దూరానికీ, ఒకటి దగ్గరకీ సరిచేస్తారు. మళ్ళీ కాకాక్షి న్యాయమే! ఇక ఎప్పుడూ లేనిది నడివయసులో ఒక కంటి నంబరే చకచకా మారుతూ ఉంటే కొత్త అద్దంతో సరిపెట్టుకోక, కారణం ఏమిటో చూపించుకోవాలి. శుక్లం మొదలయినా అలా అవుతుంది.

ఇంట్లో చేయదగింది

మన ప్రాంతంలో ఈ విషయం ఎవరూ పట్టించుకోలేదని కాదు. 1987లో హైదరాబాదులో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన వైద్యులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో నాలుగు వేల మందికి పైగా బడి ఈడు పిల్లల కళ్ళు పరీక్షించారు. 2002లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణం అద్దాలతో సరిపోయే నంబరు లోపమే. మరో 12 శాతానికి సోమరికన్ను. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటివెలుగు మొదలయింది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో ఒక పథకం బడిపిల్లలతో ఆరంభమయింది. పథకాలు వస్తాయి, పోతాయి. మన పిల్ల కన్ను మన ఇంట్లోనే ఉంటుంది.

కాబట్టి నాలుగు మాటలు. పిల్లకు మూడు నాలుగేళ్ళు వచ్చేసరికి ఒకసారి కంటివైద్యుడికి చూపించండి. తల్లిదండ్రుల్లో ఎవరికైనా సోమరికన్నో, మెల్లకన్నో, పెద్ద నంబరో ఉంటే ఇంకా ముందే. ఇంట్లో పరీక్షించేటప్పుడు ఒక్కొక్క కన్నూ విడివిడిగా చూడండి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, అరచెయ్యో మడిచిన చేతిరుమాలో వాడండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు మాత్రం ఏడ్చి చెయ్యి నెట్టేసే పసిపిల్ల మొండిది కాదు. తనకు కనబడడం లేదని చెబుతోంది. మెల్లకన్ను అదృష్టమని ఊరుకోవద్దు. ఫొటోలో ఒక కంటి పాప ఎర్రగా, ఇంకొకటి తెల్లగా మెరిస్తే ఆ వారంలోనే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. దాని వెనక నంబరుకంటే పెద్ద జబ్బు ఉండవచ్చు.

చెవిలో నొప్పి వస్తే పిల్ల ఏడుస్తుంది. పన్ను పుచ్చితే ఏడుస్తుంది. ఒక కన్ను మెల్లగా మెదడు లెక్కలోనుంచి జారిపోతూ ఉంటే మాత్రం ఆడుకుంటూనే ఉంటుంది. తనకు తెలియనిదాన్ని పిల్ల మనకెలా చెబుతుంది? అడగవలసినవాళ్ళం మనమే. దానికి కావలసిందల్లా ఒక అరచెయ్యి, గోడమీద కాలెండరు, ఆదివారం పొద్దున ఒక్క నిమిషం తీరిక.